పల్లె లెక్కలు – 11: "ఎంతొచ్చిద్ది మేడం?"



ఈ వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తానని పోయినసారి చెప్పాను. దాన్ని పక్కన పెట్టాను. ఈలోపు ఒక తల్లీ కూతురూ మా కాలేజీకి వచ్చారు. వాళ్లతో రెండు గంటలు కూర్చున్నాక ఇదే ముందు రాయాలనిపించింది. పొడుగు పోస్టే. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఓపిగ్గా చదవండి.

ఆ అమ్మాయి పేరు రాయను. మూడేళ్లు నా క్లాసులో కూర్చుంది. బీఏ ఫస్ట్ క్లాసులో పాసయింది. వాళ్లమ్మ మిరపకోతలప్పుడు కోతలకు పోతుంది, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి. ఆమె చేతిలో రంగుల కరపత్రం ఒకటి ఉంది. ఒక ప్రైవేటు సంస్థ వాళ్లది. మెంటల్ హెల్త్, కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా. ఫీజు 85 వేలు. కింద పెద్ద అక్షరాలతో "నూరు శాతం ప్లేస్‌మెంట్" అని, నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. ఆ బొమ్మలోని అమ్మాయి మన వాడల్లో ఎక్కడా కనిపించదు.

"ఇది చదివితే ఎంతొచ్చిద్ది మేడం?" అని అడిగింది తల్లి.

కూతురికి సిగ్గేసింది. "అమ్మా, అట్లా అడగకూడదు" అంది మెల్లగా.

ఎందుకడగకూడదు? మన సభల్లో చదువు గురించి ఎంతో గొప్పగా మాట్లాడతాం. విముక్తి అంటాం, ఆయుధం అంటాం. నేనూ మైకు ముందు అన్నాను. కానీ ఫీజు కట్టే మనిషి "ఎంతొచ్చిద్ది" అని అడిగితే ఆమెకు చదువు విలువ తెలియదని నవ్వుకునేవాళ్లను చూశాను. ఆ నవ్వు కడుపు నిండినవాళ్లది. ఆమె లెక్క ఏంటో చూడండి. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. 85 వేలంటే 277 రోజుల కూలి. ఆ పథకం అప్పుడు ఏడాదికి ఒక కుటుంబానికి హామీ ఇచ్చింది 100 రోజులు. అంటే ఆ కరపత్రం ఆమెను అడుగుతున్నది దాదాపు మూడేళ్ల ఉపాధి పని. ఒక్క రూపాయి తినకుండా. ఇంత అడిగేవాడిని ఎంతొస్తుందని అడగకపోతే ఎట్లా?

మా నాన్న కూడా నన్ను ఇట్లాగే అడిగాడు. తెలుగులో పీహెచ్‌డీలో చేరినప్పుడు "అది చేస్తే ఏమొచ్చిద్ది తల్లీ" అన్నాడు. నేను కోపం తెచ్చుకుని సమాధానం చెప్పలేదు. అసలు సంగతేమిటంటే నాకు సమాధానం తెలియదు. ఏడేళ్లు పట్టింది. ఫెలోషిప్ నెలల తరబడి రాని రోజుల్లో స్నేహితుల దగ్గర చేబదుళ్లు. పట్టా చేతికొచ్చాక కాంట్రాక్టు లెక్చరర్ని అయ్యాను, ఇప్పటికీ అదే. నాతోపాటు ఇంటర్ చదివి టీచర్ ట్రైనింగ్ చేసి డీఎస్సీ కొట్టిన అమ్మాయి నాకంటే ముందు ఇల్లు కట్టుకుంది. నా చదువు మీద నాకు పశ్చాత్తాపం లేదు. కానీ ఆ లెక్క ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అదే దారిలో కొంచెం తెలివిగా నడిచేదాన్నేమో. అందుకే ఆ తల్లికి ఉపన్యాసం ఇవ్వలేదు. తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీశాను. ఒక వైపు పోయేది, ఇంకోవైపు వచ్చేది.

పోయేది: ఫీజు 85 వేలు. టౌన్లో హాస్టలు నెలకు 5,500 చొప్పున ఏడాదికి 66 వేలు. రెండూ కలిపి లక్షా 51 వేలు. అమ్మాయి ఇప్పుడు బట్టల కొట్లో చేస్తోంది, నెలకు 9 వేలు. ఆ ఏడాది జీతం పోతుంది, లక్షా 8 వేలు. మొత్తం 2 లక్షల 59 వేలు. జీతం పోవడాన్ని ఖర్చు కింద రాస్తే తల్లి తలూపింది, కూతురే ఆశ్చర్యపోయింది. కూలి పోయిన రోజు కూడా ఖర్చేనని వాళ్లమ్మకు ఏ ఎకనామిక్స్ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

వచ్చేది: అప్పుడే నాకు తెలిసిన ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకతను స్వచ్ఛంద సంస్థలో కౌన్సెలర్. ఒకామె ప్రైవేటు స్కూల్లో. ఇంకొకతను మద్యం మాన్పించే కేంద్రంలో. ముగ్గురికీ 12 వేల నుంచి 18 వేల మధ్యే వస్తోంది. ముగ్గురిదీ పర్మినెంటు కాదు. డిప్లొమాతో కొత్తగా చేరితే 14 వేలు అనుకున్నాం. అంటే బట్టల కొట్టు కంటే నెలకు 5 వేలు ఎక్కువ. ఆ లెక్కన పోయిన 2 లక్షల 59 వేలు తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. కానీ చేతిలో లక్షా 51 వేలు లేవు కదా, అప్పు తేవాలి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 3,020 వడ్డీకే. పెరిగిన 5 వేల జీతంలో 3 వేలు వడ్డీవ్యాపారి ఇంటికి నడిచిపోతాయి. ఆ అమ్మాయి చదివేది తన కోసమా, అతని కోసమా?

ఇదంతా ఆ డిప్లొమాకు ఉద్యోగం వస్తుందనుకుని వేసిన లెక్క. అసలు ఆ కాగితం దేనికి పనికొస్తుందో కూడా చూడాలి. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన అర్హత ఉండాలి. ఆ కౌన్సిల్‌కు 1992 నాటి చట్టం ఉంది, రిజిస్టరు ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా అదే చెప్పింది. ఇంతకాలం మామూలు దారి సైకాలజీలో పీజీ, ఆపైన రెండేళ్ల ఎంఫిల్, అదీ ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద పనిచేస్తూ. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 వరకు అడ్మిషన్లకు వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ఏ కోర్సులో చేరబోతున్నా ఆ ఏడాది, ఆ కాలేజీలో, ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోండి. కరపత్రంలో ఉన్న ముద్ర నమ్మకండి. ఏడాది డిప్లొమాతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కారు. ఆ కరపత్రంలో ఎక్కడా అబద్ధం రాయలేదు. "మానసిక ఆరోగ్య నిపుణులు కండి" అని మాత్రమే రాశారు. నిపుణులనే మాటకు ఖర్చేముంది?

2021లో ఇంకో చట్టం వచ్చింది, అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, మెంటల్ హెల్త్ సపోర్ట్ వర్కర్లు అందులోకి వస్తారు. ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టుకోకుండా ఒక ప్రమాణం ఉండటం మంచిదే. కానీ దాని వెనకాలే వచ్చిన మాట వినండి. ఆ చట్టం పరిధిలోని కోర్సుల్ని 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని యూజీసీ చెప్పింది. సైకాలజీ అందులో ఉంది. మనిషి మనసుతో చేసే పని పోస్టులో నేర్చుకునేది కాదు, ఒప్పుకుంటాను. అయితే మన పల్లెల్లో పెళ్లయ్యాక పీజీ చేసిన ఆడవాళ్లను లెక్కపెట్టండి, పగలు పనిచేసి రాత్రి చదివిన మగవాళ్లను లెక్కపెట్టండి. వాళ్లు ఎక్కడ చదివారు? దూరవిద్యలోనే కదా. తలుపు మూసినప్పుడు పక్కన ఇంకో తలుపు తెరవాలి. సాయంత్రం కాలేజీలు లేవు, జిల్లాకో ప్రభుత్వ సైకాలజీ సీటు లేదు. మరి ప్రమాణం పెరిగిందా, గుమ్మం ఎత్తు పెరిగిందా?

ప్రైవేటు పీజీ సంగతి మన రాష్ట్రంలో మీకు తెలిసిందే. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది. ఆ దెబ్బకు పీజీ మానేసిన పిల్లలు నా క్లాసుల్లోంచి వెళ్లినవాళ్లే ఉన్నారు. ఎస్సీ పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనేది 1944లో, బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు మొదలైంది. తన చదువు బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద నడిచిన మనిషి ఆయన. ఆ డబ్బుకు బదులు పదేళ్లు సంస్థానానికి పనిచేయాలని రాసిచ్చాడు. చదువుకు ఎంత పోతుంది, ఎంతొస్తుంది, ఎవరికి బాకీ పడతాం అన్న లెక్క ఆయనకు మనకంటే బాగా తెలుసు.

ఇక్కడిదాకా లెక్క వేసి కాగితం తల్లి ముందు పెట్టాను. "ఈ డిప్లొమా వద్దమ్మా" అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు అమ్మాయి అడిగింది. "అయితే మనవాళ్లు ఈ పనిలోకి ఎప్పుడూ రాకూడదా మేడం?"

దానికి నా దగ్గర సమాధానం ఉంది, కానీ చెప్పడానికి గొంతు పట్టేసింది. పరిశోధన చేసే రోజుల్లో ఒకప్పుడు నాకు మూడు వారాలు నిద్రపట్టలేదు. ఫెలోషిప్ రాలేదు. గైడు ముందు నిలబడితే మాట రాదు. నాకు వచ్చిన తెలుగు నాది కాదేమోనన్న భయం. ఒక స్నేహితురాలు బలవంతంగా కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ మంచిదే, నెమ్మదిగానే మాట్లాడింది. డిపార్ట్‌మెంటులో జరిగేది చెప్పడం మొదలుపెట్టి కులం అన్న మాట నేను ఎత్తగానే ఆవిడ పెన్ను ఆగిపోయింది. "అవన్నీ మనసులోకి తీసుకోకూడదమ్మా, ప్రాణాయామం చెయ్యి" అంది. మళ్లీ వెళ్లలేదు. నా కాగితం మీద ఆవిడ ఏం రాసుకుందో తెలియదు. అసలు మాట మాత్రం రాసుకోలేదు.

అది 2016కు ముందు. ఆ ఏడాది జనవరి 17న రోహిత్ వేముల వెళ్లిపోయాడు. అతను రాసిన ఉత్తరంలో రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా 75 వేలు, ఇంట్లోవాళ్లకు అందేలా చూడమన్న మాట ఉంది. ఆ అంకె చదివిన ప్రతిసారీ నా చేతులు చల్లబడతాయి. మనసు వేరు, డబ్బు వేరు అని చెప్పేవాళ్లకు ఆ అంకె చూపించండి. వెలివేతకు మందు ప్రాణాయామం కాదు, అది నాకూ తెలుసు. దానికి పోరాటమే కావాలి. కానీ ఆ పోరాటం జరిగే రాత్రుల్లో, పిల్లలు ఒంటరిగా గదుల్లో ఉన్నప్పుడు, వాళ్ల మాట అర్థమయ్యే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

నేను పాఠం చెప్పే జాషువా "గబ్బిలం" 1941 నాటిది. అందులో అంటరానివాడు తన బాధను కాశీలో శివుడికి చేరవేయమని గబ్బిలంతో చెప్పుకుంటాడు. గుళ్లోకి దానికి ప్రవేశం ఉంది, అతనికి లేదు. క్లాసులో ఇన్నేళ్లు సందేశ కావ్యమనీ, మేఘసందేశానికి ఎదురు నిలిచిందనీ చెప్పాను. ఆ రోజు ఆ అమ్మాయి ముందు కూర్చున్నప్పుడు వేరే సంగతి తట్టింది. అతనికి వినే మనిషి ఒక్కడూ లేడు. ఇప్పటికీ మన పల్లెల్లో ఎవరికి చెప్పుకుంటున్నారు? శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సాక్ష్యం చెప్తారు. చీటీ కట్టేవాడి దగ్గరకి పోతారు. ఆర్‌ఎంపీ దగ్గర "నరాల బలహీనత" అని సెలైన్ పెట్టించుకుంటారు. మనసు బాగాలేదన్న మాట మన నోట రాదు. గుండె దడ అంటాం, ఒళ్లు బరువంటాం, తల దిమ్ముగా ఉందంటాం. ఈ మాటల్ని రోగంగా, కులంగా, అప్పుగా, మూడింటినీ కలిపి వినగలిగినవాళ్లు కావాలి.

ఎంతమంది ఇట్లా ఉన్నారో లెక్క కూడా సరిగా లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందనీ, వాళ్లలో అత్యధికులకు వైద్యం అందడం లేదనీ తేల్చింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పి "నువ్వు రావాలమ్మా, ఉద్యమానికి నీలాంటివాళ్లు కావాలి" అనబోయాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే ఆ మాట మన ఆడవాళ్లకు చాలామంది చెప్పారు. ఆయాగా ఉండు, సేవ. ఆశా కార్యకర్తగా తిరుగు, సేవ. సేవ అని పేరు పెట్టిన ప్రతి పనికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవమూ ఉండదు, వేతనమూ ఉండదు. కౌన్సెలింగును కూడా ఆ వరసలో చేర్చి, ఒక కూలి తల్లి కూతురి నెత్తిన పెట్టే హక్కు నాకెక్కడిది? ఉద్యమం అవసరం వేరు, ఆ ఇంటి అవసరం వేరు. రెండూ ఒకటేనని చెప్తే నేను కరపత్రం వేసినవాడికంటే మెరుగు కాదు.

నేను మాట్లాడకుండా ఉంటే తల్లి కాగితం తన వైపు తిప్పుకుంది. ఆమెకు చదువు రాదు, గీత మాత్రం చూపించింది.

"ఇందులో మా మరిది లెక్క వెయ్యలేదే మేడం" అంది.

మరిదికి పెళ్లైన రెండేళ్లకు తనలో తాను మాట్లాడుకోవడం మొదలైంది. గాలి సోకిందన్నారు. నాలుగు ఊళ్లు తిప్పారు. కోళ్లు, తాయెత్తులు, ఒక చోట 41 రోజులు గొలుసు. గేదెను అమ్మారు. చివరికి ఎవరో చెబితే విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు మనిషి ఇంట్లో అన్నం అడిగి తిన్నాడు. ఆ మూడేళ్లలో ఆ ఇంటికి అయిన ఖర్చు 2 లక్షల పైమాట. "ఇదిగో ఈ పిల్లలాంటిది ఒకతి మా ఊళ్లో ఉండి, ఇది జబ్బేనమ్మా, ఫలానా చోటికి పోండి అని మొదటి నెల్లో చెప్పుంటే ఆ గేదె ఉండేది. ఆ లెక్క ఎటువైపు రాస్తారు?"

ఎటువైపు రాయాలో నాకు తెలియలేదు. పీహెచ్‌డీ చేసినదాన్ని. కాగితం మీద ఇంకో గీత గీశాను.

మిత్రులారా, నాకు అర్థమైంది ఇది. ఆమె చెప్పిన 2 లక్షలు నిజం. కానీ ఆ డబ్బు మిగిల్చినందుకు ఆ కౌన్సెలర్‌కు ఎవరు జీతం ఇస్తారు? గేదె మిగిలిన ఇల్లు ఇవ్వలేదు. అది ప్రభుత్వం ఇవ్వాల్సిన జీతం. కాబట్టి ఈ చదువు విలువ కోర్సులో లేదు, పోస్టులో ఉంది. పోస్టు ఉంటే 85 వేల కాగితానికి విలువొస్తుంది, పోస్టు లేకపోతే బంగారు పతకానికీ 14 వేలే. నా పీహెచ్‌డీ విలువను నిర్ణయించింది నా సిద్ధాంత గ్రంథం కాదు, భర్తీ చేయని ఖాళీలు.

ఆ పోస్టులు అడగడానికి ఇప్పుడు మన చేతిలో ఆధారం ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. ఎస్సీ, ఎస్టీ లాంటి అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా అంది. మీ కాలేజీలో ఎంతమంది ఉన్నారు? మీ గురుకులంలో? మీ హాస్టల్లో? వంద దాటని చోటు ఎక్కడుంది?

అందుకని నా విన్నపాలు. ఒకటి, సమాచార హక్కు చట్టం కింద మీ ప్రభుత్వ కాలేజీని, మీ యూనివర్సిటీని అడగండి: కౌన్సెలర్ ఉన్నారా, అర్హత ఏంటి, రెగ్యులరా అవుట్‌సోర్సింగా, రోస్టర్ పాటించారా. అవుట్‌సోర్సింగ్ అని వస్తే గొడవ చేయండి, ఎందుకంటే రిజర్వేషన్ మాయమయ్యేది అక్కడే. రెండు, ఈ చదువుకు వెళ్లాలనుకునేవాళ్లు ప్రైవేటు డిప్లొమాలకు అప్పు తేకండి. పీజీసెట్ రాసి ప్రభుత్వ యూనివర్సిటీలో సైకాలజీ గానీ ఎంఎస్‌డబ్ల్యూ గానీ చూడండి, స్కాలర్‌షిప్ వస్తుంది. ఆపైన బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట స్టైపెండ్‌తో చదివే సీట్లున్నాయి, వాటిలో మన రిజర్వేషన్ ఉంది. దారి పొడుగే. ఆ రెండేళ్ల జీతం పోతుంది, అది చిన్న విషయం కాదు. కానీ నెత్తిన వడ్డీ ఉండదు. మూడు, ఎవరికైనా రాత్రిళ్లు గడవడం కష్టంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా మీ మాట అర్థం కాకపోతే నాకు మెసేజ్ పెట్టండి. నేను కౌన్సెలర్ని కాను. వింటాను, ఎక్కడికి వెళ్లాలో కలిసి వెతుకుదాం.

ఆ అమ్మాయి డిప్లొమాలో చేరలేదు. బట్టల కొట్లోనే చేస్తూ వచ్చే ఏడాది పీజీసెట్ రాస్తానంది. మా లైబ్రరీ నుంచి సైకాలజీ పుస్తకాలు రెండు తీసుకెళ్లింది. సీటు వస్తుందో లేదో, వచ్చినా వాళ్లమ్మ ఒంటిచేత్తో రెండేళ్లు లాగగలదో లేదో ఇప్పుడే చెప్పలేను. వెళ్తూ వెళ్తూ తల్లి ఆ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "ఎందుకమ్మా అది" అంటే, "వెనకాల తెల్లగా ఉంది మేడం, కూలిరోజులు రాసుకోడానికి పనికొచ్చిద్ది. పిల్ల రాసిపెడతది" అంది.

వచ్చే వారం మెస్ బిల్లులు.

జై భీమ్.